మూడేళ్ల మగబిడ్డ

చిత్తూరులో డాక్టరు బాలసుబ్రమణ్యం గారికి ప్రూఫు కాగితాలతోనే తెల్లవారేది. భార్య పోయి ఆరేళ్లు. కాఫీ తానే కలుపుకోవడం, అది చల్లారిపోయేదాకా ఎర్రసిరాతో దిద్దుకుంటూ కూర్చోవడం, ఇంతే ఆయన సంసారం. ప్రాక్టీసు మానేసి పద్దెనిమిదేళ్లుగా ఒక వైద్య మాసపత్రిక నడుపుతున్నాడు. యుద్ధమొచ్చి కాగితం కరువైపోయాక ముప్పైరెండు పేజీల పత్రిక పదహారుకు దిగింది. ఇక చూస్కోండి, ఆయన కొట్టివేతలకు అడ్డే లేదు.

పాఠకుల ఉత్తరాలకు మాత్రం జవాబు ఎగ్గొట్టడు. ఎవరైనా జబ్బు సంగతి రాస్తే చాలు, మనిషిని చూడకుండానే కార్డు మీద మందు రాసి పంపేవాడు. జిల్లా అంతా ఆయనకు ఉత్తరాలు రాసేది గానీ, అచ్చుపనికి వచ్చే కంపోజిటరు తప్ప ఆయన గడప తొక్కే మనిషి ఒక్కరూ లేరు.

ఆ పొద్దు తొక్కింది కూతురు పంకజాక్షి. పలమనేరు నుంచి మొదటి బస్సుకు వచ్చింది. మొగుడు ధనంజయ మిలిటరీలో చేరి బర్మా వైపు ఉన్నాడు. మూడు నెలల కిందట వాళ్ల ఒక్కగానొక్క కొడుకు కంఠసర్పితో పోయాడు. గొంతులో పొర కమ్మి ఊపిరాడనివ్వని పాడుజబ్బు అది. తాత చూడ్డానికి కూడా పోలేదు. సంచిక పోస్టు చేసే పని ఉందని ఒక కార్డు రాసి ఊరుకున్నాడు. కన్నతండ్రి ఇట్లా కూడా ఉంటాడా అని అక్కడి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

బిడ్డ జబ్బు గురించి పంకజాక్షి ఆరు పేజీలు రాసి తండ్రి పత్రికకే పంపింది. అందరికీ పంపినట్టే ఆయన ఆమెకూ ప్రూఫు పంపించాడు. ఇప్పుడామె సంచి కింద పెట్టకుండానే ఆ కాగితం ఆయన ముందు పడేసింది.

“ఏంది నాయనా ఇది? ‘మూడేళ్ల మగబిడ్డ. కంఠసర్పి. అయిదో రోజు మరణం.’ ఇంతేనా నా కొడుకు?”

“రోగి పేరు వేయకూడదమ్మా. అది పత్రిక పద్ధతి. కాగితం మాత్రం యాడుండాది?”

“రోగా? వాడు నీ మనవడు! నీ మీసం పట్టుకొని ఊగినోడు!”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పేరు పోతే పోయింది, నేను రాసిన మూడో పేజీ ఏమైంది? గొంతు నొప్పంటా ఉండాడని నీకు రాసినాను. ఉప్పునీళ్లు పుక్కిలించమని కార్డు పంపినావు. అది వచ్చేదానికి రెండు రోజులు. నాయన చెప్పినాడు కదా అని ఇంకో రెండు రోజులు చూసినాను. మూడేళ్ల బిడ్డకు పుక్కిలించేదానికి వస్తుందా? గటగటా మింగేసినాడు. ఆస్పత్రికి తీసకపోయేసరికి అంతా అయిపోయింది. అదెందుకు కొట్టేసినావు?”

“అది అచ్చేస్తే పత్రికను ఇంకెవరు నమ్ముతారు?”

“నమ్మొద్దు! కార్డు కోసరం కాచుకోకుండా బిడ్డను సంకనేసుకొని ఆస్పత్రికి పరిగెత్తమని చెప్పేదానికే కదా నేను రాసింది!”

పక్క గదిలో అక్షరాలు పేరుస్తున్న కంపోజిటరు వెంకటముని చేతులు ఆగిపోయాయి.

“పత్రిక కోసరం కాదులే,” అన్నాడు ముసలాయన ఆ ప్రూఫు చేతిలోకి తీసుకొని. “నా పాపం నా కంటికి కనపడకూడదని కొట్టేసినాను. పలమనేరు బస్సు కోసరం రెండుసార్లు పోయినాను పంకజా. ఎక్కలేకపోయినాను. నీ ఎదట నిలబడేదానికి మొహం చెల్లలేదు.”

పంకజాక్షి కోపమంతా ఏమైందో ఏమో, ఉన్నచోటే కూలబడింది.

“నేనేమన్నా నిన్ను నిందించేదానికి వచ్చినానా? మూణ్ణెల్లు గోడలకు చెప్పుకొని ఏడిసినాను నాయనా. ఆయన బర్మాలో యాడో ఉండాడు. వాడి కోసరం నాతో కూడా ఏడ్సేదానికి నువ్వు గాక నాకెవురుండారు?”

ఆయన కూతురి పక్కనే నేల మీద కూర్చున్నాడు. వెంకటమునిని పిలిచాడు.

“నా సంపాదకీయం తీసెయ్యప్పా. జవాబుల పేజీ కూడా తీసెయ్. ఈ నెల నుంచి కార్డు మీద వైద్యం లేదు. అమ్మాయి రాసింది ఒక్క మాట పోకుండా పేర్చు.”

“బిడ్డ పేరు కూడా వేయాల్నా అయ్యా?”

“వెయ్యాల. కింద నా మాట కూడా వెయ్యి, ఇదో, రాసిస్తాను.” పైకి చదువుకుంటూ రాయసాగాడు. “ఆ కార్డు రాసింది నేనే. చెంగల్రాయుడు నా...”

మూడు నెలల్లో ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు. ‘నా’ దగ్గరే కలం ఆగిపోయింది. పంకజాక్షి కలం తీసుకొని ‘మనవడు’ అని రాసి, తండ్రి భుజం మీద తల వాల్చింది. ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు కలిసి ఏడ్చారు.