జ్వరకాపు

పదిహేడో గంటలో ధర్మతేజ వీలునామా సంగతి ఎత్తాడు.

"వీలునామా అవసరం లేదండి. ముప్ఫై ఎనిమిది పాయింట్ నాలుగు. రేఖ చక్కగా ఎక్కుతోంది" అంది వీరవేణి. పలక మీద అంకె వేసి, అతని మణికట్టుకు ఉన్న పట్టీ సరిచేసింది. జ్వరకాపు శిక్షణ పుస్తకంలో దాతకు ధైర్యం చెప్పే వాక్యాలు నాలుగే ఉన్నాయి. నాలుగూ ఉదయం ఆరింటికే అయిపోయాయి. చేసేది లేక మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

"మీరు క్షేమంగా ఉన్నారు. మీ శరీరం తన పని తాను చేసుకుంటోంది."

"పొద్దున్న కూడా ఇదే చెప్పారండి." ధర్మతేజ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "పని చేసుకుంటోందో, నా పని పట్టేస్తోందో! మోకాళ్ళు కూడా పీకేస్తున్నాయండి. జ్వరానికీ మోకాళ్ళకీ ఏంటండి సంబంధం?"

ఆ సంబంధం ఏమిటో వీరవేణికి తెలియదు. పుస్తకంలో జ్వర లక్షణాలు రాసిన తొమ్మిదో పుటలో అది లేదు.

ధర్మతేజకు ముప్ఫై ఒక్కేళ్ళు. రొయ్యల శీతల గిడ్డంగిలో యంత్రాలు బాగుచేసే మనిషి, మైనస్ ఇరవైలో గంటలు గంటలు పనిచేసి వచ్చి ఐస్‌క్రీము తినగల ఘనుడు. అలాంటివాడు మూడు దుప్పట్ల కింద ముడుచుకుని వాళ్ళమ్మను తలుచుకుంటున్నాడంటే తప్పు అతనిది కాదు. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఇదే మొదటి జ్వరం. అతని ఈడువాళ్ళలో ఎవరికీ జ్వరమంటే తెలియదు. మెడ ఎముక కింద బియ్యపుగింజంత శమని ఒకటి కూర్చుని, ఒంట్లో ఎక్కడ వేడి రాజుకున్నా పైకి రాకముందే ఆర్పేస్తుంది. ఎన్ని లక్షల మంది పసిపిల్లలను అది బతికించిందో లెక్కలేదు. దానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కాకపోతే మంటను ఆర్పేవాడికి వంటపొయ్యికీ ఇల్లు తగలబడడానికీ తేడా తెలియదు.

నిన్న సాయంత్రం ఆరింటికి ధర్మతేజ శమనిని నిద్రపుచ్చి, జ్వరం రప్పించడానికి హాని లేని ఈస్టు పొట్టు ఇంజెక్షన్ ఇచ్చారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి, అంటే ఇరవై రెండో గంటకు, అతని రక్తం తీయాలి. అప్పటిదాకా జ్వరం నిలవాలి. నిలిచేలా చూడడమే జ్వరకాపు ఉద్యోగం. ఆ పరీక్షలో వీరవేణి ప్రథమశ్రేణిలో ప్యాసయింది. ఆమెకూ ఇరవై తొమ్మిదేళ్ళ జీవితంలో ఒక్కసారైనా ఒళ్ళు వెచ్చబడలేదు. పుస్తకం చదివి ఈత నేర్చుకున్నవాళ్ళు గోదాట్లో దిగితే ఎలా ఉంటుందో ఆమెకు ఈ గదిలో రోజూ అలా ఉంటుంది.

మంచం పట్టీకి ఎర్రగా ‘చాలు’ మీట ఉంది. దాత ఎప్పుడైనా నొక్కవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. నొక్కితే శమని మేలుకుంటుంది, ఇరవై నిమిషాల్లో జ్వరం దిగిపోతుంది. ధర్మతేజ చెయ్యి గంట నుంచీ ఆ మీట చుట్టూ తచ్చాడుతోంది.

ఆమె చెవిలో తుల గొంతు వినిపించింది. కాకినాడ కేంద్రంలో ఎవరికి ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నది తూచే యంత్రం తుల. "దాత మీట నొక్కే అవకాశం నూటికి ఎనభై ఒకటి. గ్రహీత చికిత్సను ఇప్పుడే రద్దు చేయవచ్చా?"

"ఆగు" అంది వీరవేణి.

గ్రహీత ఎవరో ఆమెకు తెలుసు. పెమ్మాడి నూకరాజు, అరవై ఆరేళ్ళు, కోటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే సరంగు. కుడికన్ను చిన్నతనంలోనే పోయింది. పన్నెండు రోజుల కిందట తాడు తెగి, ఇనుప కొక్కెం ఎడమ కనుబొమ మీద కొట్టింది. కన్ను బాగానే ఉంది, దాని వెనక దృష్టినాడి నలిగిపోయింది. నలిగిన నాడి తనంతట తాను చిగురించదు. కంటిలోని నాడీకణాలు పద్నాలుగు రోజులు ఓపిక పట్టి, తర్వాత ఒక్కొక్కటే ఆరిపోతాయి. మళ్ళీ తీగ సాచమని వాటిని ఒప్పించగలిగినవి ఒకే ఒక రకం ఉన్నాయి: జ్వరం మొదటి రోజున ఎముక మజ్జలోంచి తొందరపడి బయటికి వచ్చేసే లేత తెల్లకణాలు. ముదిరిన తెల్లకణాలకు కాల్చడమే తెలుసు. లేతవాటికి ఆ విద్య ఇంకా పట్టుబడదు, గాయం దగ్గరికి వెళ్ళి మేత పెడతాయి. ప్రయోగశాల తొట్టిలో పెంచితే పూటలో ముదిరిపోతున్నాయి. మనిషి ఒంట్లో, జ్వరం వేడిలో పుట్టినవే కావాలి. నూకరాజు మజ్జ ముసలిది, దానికి ఆ ఓపిక లేదు. అతనికి సరిపడే మరో దాత దొరకడానికి కనీసం తొమ్మిది రోజులు పడుతుంది. ఇక మిగిలినవి రెండు.

వీరవేణి శిక్షణ పుస్తకం మూసింది. ఈ కేంద్రంలో జ్వరం అంటే ఏమిటో నిజంగా తెలిసిన మనిషి ఎవరా అని ఆలోచించింది. శమని వచ్చి నలభై ఏళ్ళు. అంతకుముందు పెరిగి పెద్దయిన మనిషి కావాలి. అలాంటి మనిషి మూడు గోడల అవతలే ఉన్నాడు.

నూకరాజు కళ్ళకు కట్టుతో మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"మీతో ఒక పని పడింది నూకరాజు గారూ. ఒకాయనకి జ్వరం. బాగా బెదిరిపోయారు. మీరు జ్వరాలు ఎరిగినవారు కదా, వచ్చి కాసేపు పక్కన కూర్చుంటారా?"

"జొరానికి బెదరడవేటమ్మా?" నూకరాజు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. "వద్దు తల్లీ, గోడట్టుకుని నేనే వస్తాను. ఒకరిసేత సేయించుకోడం నాకు అలవాటు లేదు." అది నిజమే. వరదల్లో వందమందిని ఒడ్డుకు చేర్చిన మనిషి. వార్డులో చేరిన నాటి నుంచీ ఆయాలతో మంచినీళ్ళు కూడా పోయించుకోలేదు.

తలుపు దగ్గర తుల ఆమె చెవిలో అడ్డుపడింది. "గ్రహీతకు ఈ గదిలో ప్రవేశం లేదు."

"గ్రహీతగా కాదు. సహాయకాపుగా నమోదు చెయ్యి. అర్హత, జ్వరానుభవం" అంది బాగా గొంతు తగ్గించి.

ఆ గడి ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంది. తుల రెండు క్షణాలు వెతికింది. "నమోదైంది. ఉభయుల గుర్తింపు గోప్యంగా ఉంచవలెను." తలుపు తెరుచుకుంది.

నూకరాజు తడుముకుంటూ కుర్చీలో కూర్చుని, చెయ్యి తిరగేసి ధర్మతేజ నుదుటి మీద పెట్టాడు. "నూటరెండు" అన్నాడు.

వీరవేణి పలక చూసింది. ముప్ఫై ఎనిమిది పాయింట్ తొమ్మిది. మనసులో ఫారెన్‌హీటులోకి మార్చుకుని చూస్తే సరిగ్గా నూటరెండే.

"నేను పోతానా అండి?" అన్నాడు ధర్మతేజ.

"ఎక్కడికి పోతావ్, ఈ సలిలో? సలేస్తందంటే జొరం ఎక్కతందని. సెమట పట్టిందా, దిగిపోతందని. ఎక్కడవూ దిగడవూ దాని పని. మజ్జిలో నీకేం పన్లేదు, పడుకోడవే."

"మోకాళ్ళు పీకుతున్నాయండి."

"పీక్కేంజేస్తాయి? సిన్నప్పుడు నాకు మలేరియా వొచ్చి, మంచం కోళ్ళు నాలుగూ గడగడలాడినియ్. మూడో రోజుకి లేచి సేపల పులుసు కుండలో సెయ్యెట్టాను. మా యమ్మ గరిట తిరగేసింది, లంకణం పరమౌసదం అని." నూకరాజు వీరవేణి ఉన్న వైపు తల తిప్పాడు. "ఏవమ్మా, ఈ బాబుకి ఉప్పేసిన జావ ఏవైనా ఇచ్చారా?"

"పోషక జిగురు ఇచ్చామండి."

"జిగురు కాయితాలకి రాస్తారు తల్లీ. మనిసికి జావ పొయ్యాల."

వీరవేణి వంటగదికి పరుగెత్తి, నూక ఉడికించి పల్చగా జావ కాయించి తెచ్చింది. ధర్మతేజ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నూకరాజు తడిగుడ్డ పిండి అతని అరికాళ్ళు తుడిచాడు, నుదుటికి వద్దన్నాడు, "జొరం ఉండాలంటన్నారు గదా, పైనెందుకు ఆర్పడం" అంటూ. మీట దగ్గర తచ్చాడే చెయ్యి దుప్పట్లోకి వెళ్ళిపోయింది. తుల అంకె ఎనభై ఒకటి నుంచి నలభైకి, నలభై నుంచి ఆరుకి పడింది. వీరవేణికి ఆ ముసలాయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. నాలుగేళ్ళ ఉద్యోగంలో నేర్చుకోనిది నాలుగు గంటల్లో నేర్చుకుంది.

మూడు నలభై అయింది. లేత కణాలు ఎంతవరకు సిద్ధమయ్యాయో తెర మీద చూపే పక్వరేఖ పసుపు దాటి ఆకుపచ్చలోకి జరుగుతోంది.

"ఇంతకీ ఈ జొరం ఎవరి కోసం బాబూ?" అని అడిగాడు నూకరాజు.

"తెలీదండి. చెప్పరు. నాలుగింటికి తీస్తారట, అంతే."

నూకరాజు చెయ్యి ఆగింది. "నాలుగింటికా? నాక్కూడా నాలుగింటికే సూదన్నారు. కంట్లో."

కాదని అబద్ధం ఆడడానికి వీరవేణికి మనసు రాలేదు.

తుల ఈసారి గదంతా వినిపించేలా పలికింది. "గోప్యత భంగమైంది. దాత సమ్మతి అజ్ఞాత గ్రహీతకు ఇచ్చినది. అది ఇప్పుడు చెల్లదు. సేకరణ పంపు నిలిపివేయబడింది."

నూకరాజు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఈ మంటంతా నా కోసవా? ఆపెయ్యమ్మా. అరవయ్యారేళ్ళోణ్ణి. కుర్రోడు ఇట్టా ఉడికిపోతా ఉంటే పుచ్చుకోడానికి నాకు సేతులెట్టా వస్తాయి? నాకొద్దు."

గోప్యత నియమం దాతను కాపాడడానికని వీరవేణి పరీక్షలో రాసింది, మార్కులు కూడా వచ్చాయి. అది తప్పని ఇప్పుడు తెలిసింది. ఇచ్చేవాడి బాధ కళ్ళారా చూస్తే, ఆ మాటకొస్తే చేత్తో తాకినా సరే, మర్యాద గల మనిషి పుచ్చుకోలేడు. నియమం అందుకు పెట్టారు. దాన్ని తన చేతులతో తానే తీసి పారేసింది.

"కొత్త సమ్మతి తీసుకో" అంది తులతో. "తెలిసి ఇచ్చేది, తెలిసి పుచ్చుకునేది."

"అట్టి పద్ధతి నిబంధనల్లో ఉంది. ఇంతవరకు వాడలేదు. దాత: గ్రహీత ఎవరో తెలిసిన తరువాత ఇచ్చుటకు సమ్మతమా?"

ధర్మతేజ మోచేతి మీద లేచాడు. ముఖం కందగడ్డలా ఉంది. "మా అమ్మకి తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే చూపొచ్చిందండి. ఇచ్చింది ఎవరో చెప్పలేదు. అప్పట్నించీ బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా, ఈయనేనేమో అని దండం పెట్టేస్తుంది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ దండాలన్నిటికీ బదులుగానే నేను వచ్చాను. ఎవరికిస్తున్నానో ఇవాళ తెలిసింది, అంతే తేడా. ఇస్తానండి." ఆయాసపడి కాస్త ఆగాడు. "ఈ మోకాళ్ళ నొప్పి ఊరికే పోనివ్వకండి బాబాయ్."

"దాత సమ్మతి నమోదైంది. గ్రహీత: దాత ఎవరో తెలిసిన తరువాత పుచ్చుకొనుటకు సమ్మతమా? అవును లేదా కాదు."

మూడు యాభై రెండు. నూకరాజు అవుననలేదు, కాదనలేదు. పడిపోయిన కుర్చీ వెతుక్కుని నిలబెట్టాడు. అద్దం గోడ అవతల డాక్టరమ్మ నూకరాజు కంటికి సూది సిద్ధం చేసుకుని గడియారం చూస్తోంది. ఇంకో అరగంట దాటితే కణాలు ముదిరిపోతాయి.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు" అన్నాడు చివరికి. "నేను మా యమ్మని కూడా అడిగినోణ్ణి కాదు. అడిగితే సిన్నయిపోతానని." అతని చెయ్యి దుప్పటి మీద పాకుతూ వెళ్ళి ధర్మతేజ చేతిని పట్టుకుంది. "నీ పేరేటి బాబూ?"

"ధర్మతేజండి."

"ధర్మతేజా, నాకు సూపు కావాల. గోదారి సూడాల. నీ జొరం నాకియ్యి."

గదిలో పంపు చప్పుడు లేదు. తెర మీద అక్షరాలు వచ్చి నిలిచాయి: సమాధానం అవును, కాదులలో లేదు. పేరు పెట్టి అభ్యర్థన. వర్గం లేదు. పరిశీలిస్తోంది.

రేఖ పూర్తిగా ఆకుపచ్చకు తిరిగింది. నాలుగయింది. నాలుగూ మూడయింది. తుల ఇంకా పరిశీలిస్తూనే ఉంది. మనిషి మనిషిని నోరు తెరిచి అడగడాన్ని ఏ రాళ్ళతో తూచాలో దానికి ఎవరూ నేర్పలేదు. తుల అనుమతి లేకుండా సేకరణ జరిపితే జ్వరకాపు పట్టా రద్దవుతుంది. ఆ పుట వీరవేణికి కంఠతా వచ్చు.

ఆమె ధర్మతేజ చేతికి అమర్చి ఉన్న గొట్టాన్ని పంపులోంచి ఊడలాగింది. రక్తపు సంచీని మంచం కంటే కిందకి, నేలకు జానెడు ఎత్తున వేలాడదీసి, క్లాంపును చేత్తో తెరిచింది. పంపు లేకపోతేనేం, పల్లానికి పారడం రక్తానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

"వస్తందా అమ్మా?" నూకరాజు ఇంకా ఆ చెయ్యి వదల్లేదు.

"వస్తోందండి" అంది వీరవేణి, కళ్ళనీళ్ళు భుజానికి తుడుచుకుంటూ. "మీ ఇద్దరికీ దండం పెడతాను, కదలకండి."