ముడి లేని పొట్లం

అశ్విత పరిగెడుతోంది.

ఉదయగిరి కొండ మెట్లు. ఎండ దిగిపోతోంది. భుజాన బ్యాగు. బ్యాగులో ఓడ కాగితాలు.

వెనక బూట్ల చప్పుడు!

ఆగింది. చప్పుడూ ఆగింది.

కదిలింది. మళ్ళీ... టక్... టక్...

"వెనక్కి చూడబాక! పైకెక్కు!"

మధ్యాహ్నం ఫోన్‌లో విన్న గొంతే. దయాసాగర్! పాత వస్తువులు కొని విదేశాలకు అమ్మే బ్రోకర్. ఈ కాగితాల కోసం నాయన చుట్టూ ఎన్నోసార్లు తిరిగాడు.

"మా అన్నేడీ?"

"పైన ఉండాడు. కాగితాలు నా చేతికొస్తే నీతో దిగొస్తాడు. పోలీసులకి చెప్పినావా... శవం దిగుద్ది!"

అశ్విత ఇంకో మెట్టు ఎక్కింది. నాయన పోయి ఏడాది కూడా తిరగలేదు. ఆమెకి మిగిలింది అన్న నాగార్జున ఒక్కడే.

మధ్యాహ్నం ఆత్మకూరులో, వాళ్ళ కిరాణా కొట్టు గుమ్మంలో ఎవరో పొట్లం పడేసి పోయారు. దారం లాగి విప్పింది. లోపల అన్న చొక్కా.

నెత్తురు!

ఆ వెంటనే ఫోన్ మోగింది. "మీ ఓడ కాగితాలు పట్టుకోని ఉదయగిరి కోటకి రా. ఒక్కదానివే!"

ఓడ పేరు కామాక్షి. నూట యాభై ఏళ్ళ కిందటి తెరచాప ఓడ. అశ్విత వాళ్ళ వంశంలో పెద్దాయన నారాయణయ్యది. బియ్యం, నీలిమందు వేసుకుని బర్మా దాకా పోయి వచ్చేది.

ఒకసారి ఓడలు తనిఖీ చేసే సర్వేయరు హెన్రీ వచ్చి, అడుగు చెక్కకి బరమాతో బెజ్జం పెట్టి చూశాడు. లోపలంతా పుచ్చు! ఈ ఓడ రేవు దాటకూడదని రిపోర్టు రాశాడు.

నారాయణయ్య నవ్వాడు. లంచం కోసం దొర ఆడుతున్న నాటకం అనుకున్నాడు. లంగరు ఎత్తించేశాడు.

ఓడ తిరిగి రాలేదు. అందులో ఎక్కిన ఒక్క మనిషీ తిరిగి రాలేదు.

ఆ సర్వే కాగితాలను నాయన పెంచలయ్య ప్రాణం పోయేదాకా అమ్మలేదు. ఏటా వాటి ముందు దీపం పెట్టేవాడు. "వీటిని అమ్ముకుంటే, పోయినోళ్ళని మనం రెండోసారి చంపినట్టమ్మా" అనేవాడు.

నాగార్జునకి ఒళ్ళు మండేది. "లక్షలిస్తామంటుంటే దీపాలేంది నాయనా!"

కొండ మెట్ల మీద ఇంకో మలుపు. ఊపిరి అందడం లేదు. చెమట తుడుచుకోబోయింది...

వేలికి దారం!

పొట్లం దారమే. విప్పగానే అలవాటుగా వేలికి చుట్టేసుకుంది. కొట్లో పెరిగిన పిల్ల, ఎంత కంగారులోనైనా దారం పారెయ్యదు.

దారాన్ని తేరిపార చూసింది. ఎక్కడా ముడి లేదు. ఒక్క లాగుకే ఊడొచ్చింది కదూ!

కాళ్ళు ఆగిపోయాయి.

రెండు చుట్లు తిప్పి, ముడెయ్యకుండా కొస అడుక్కి దోపడం నాయన నేర్పిన కట్టు. "కొన్నోళ్ళు ఇంటికి పోయి పళ్ళతో కొరుక్కోకూడదు" అనేవాడు. అలా కట్టడం ముగ్గురికే వచ్చు. నాయన లేడు. తను కట్టలేదు.

అంటే... అన్న!

అయినా ఎక్కింది. భయంతో కాదు. ఆ మొహం ఒక్కసారి చూడాలని.

కోట బురుజు అంచున నాగార్జున మోకాళ్ళ మీద ఉన్నాడు. కాళ్ళూ చేతులూ వెనక్కి కట్టేసి ఉన్నాయి. పెదవి చిట్లింది. వెనకే వచ్చిన దయాసాగర్ అతని తలకి పిస్తోలు ఆనించాడు.

"బ్యాగు ఇయ్యి!"

"ఇచ్చెయ్ అశ్వీ! చంపేస్తాడు!"

"ఆ పొట్లం నువ్వే కట్టినావు కదన్నా?"

నాగార్జున తల వాలిపోయింది.

"అవును... నేనే కట్టినాను. అది కోడి నెత్తురు. చెరి సగం అనుకున్న్యాం. మొదట నాటకమే. ఇప్పుడు కాదమ్మే! వాటా ఎగ్గొట్టాలని నా మీదికే తిరిగినాడు. నాయన మీద ఒట్టు!"

"నాయనని కూడా అమ్మేసినావా!" ఏడుస్తూనే నవ్వింది. "నోరు తెరిచి అడిగుంటే ఇచ్చేదాన్ని కదన్నా! నీకేమైందో అని ఆత్మకూరు నుంచి చచ్చి బతుకుతా వచ్చినానే!"

"నమ్ము అశ్వీ..."

"చాల్లే!"

బ్యాగు తెరిచి బురుజు మీంచి బోర్లించేసింది. కాగితాలు గాలికి లేచాయి... చెల్లాచెదురుగా లోయలోకి!

"ఏయ్!" దయాసాగర్ కళ్ళు నిప్పులయ్యాయి.

"కాల్చు చూద్దాం! ఇంకెంతసేపు ఆడతారీ నాటకం!"

ఢాం!!

పావురాలు గోడ మీంచి ఒక్కసారిగా లేచాయి.

నాగార్జున ముందుకి ఒరిగిపోయాడు. దయాసాగర్ కాగితాల కోసం మెట్ల మీద పడి దిగిపోతున్నాడు.

"అన్నా!"

పడుతూ లేస్తూ వచ్చి అతని తలని ఒళ్ళోకి తీసుకుంది. చేతులు ఎర్రబడ్డాయి. ఇది కోడి నెత్తురు కాదు. వెచ్చగా ఉంది.

"ఏం కాదన్నా... కట్టు విప్పేస్తా... ఒక్క లాగు... ఒక్క లాగంతే..."

అతని మణికట్ల దగ్గర కొస కోసం వెతికింది.

కొస దొరకలేదు.

ముడి. ముడి మీద ముడి. తాడు చర్మంలోకి దిగిపోయి ఉంది.

అశ్విత పళ్ళతో కొరుకుతూనే ఉంది.