స్టెప్నీ లేని కారు

గడియారాలు బాగుచేసే మనిషి కంటికి భూతద్దం తగిలించుకుని, కొట్లోకి వచ్చిన వ్యక్తిని తలెత్తి చూశాడు.

"ఈ గడియారం వెనక్కి నడుస్తోందండీ."

"ముందుకి నడిచేవాటికే దిక్కు లేదు, కూర్చోండి."

కోడ్ సరిపోయింది. రిపేరువాడు సొరుగు లాగాడు. అదే క్షణంలో కిటికీ అద్దం భళ్ళున పగిలింది. తూటా భూతద్దాన్ని, దాని వెనకున్న కంటిని దాటుకుని వెళ్ళి గోడలో దిగింది. రిపేరువాడు విప్పిపెట్టిన చక్రాల మీదే బోర్లా పడ్డాడు.

వచ్చిన వ్యక్తిని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో నిదానం అని పిలుస్తారు. ఏ పనీ తొందరపడి చెయ్యడు, మనిషిని కాల్చడం కూడా. తలుపు చాటున నిలబడి, ఎదుటి డాబా మీద రైఫిల్ విప్పుతున్న ఆకారానికి గురిపెట్టి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాడు. రైఫిల్ ముందు పడింది, మనిషి దాని మీద పడ్డాడు.

సొరుగులో ఒక చీటీ ఉంది. "ఎక్స్‌ప్రెస్. లోయ వంతెన. 11.40."

ఆఫీసులో చీఫ్ ఆ చీటీ చదివి కుర్చీలోంచి లేచిపోయాడు.

"విదేశీ ముఠా పని. వంతెన కింద టైమ్ బాంబు. రైల్లో ఆరువందల మంది. పొద్దున్నుంచీ టెలిఫోన్ తీగలు కోసేసి ఉన్నాయి, వైర్‌లెస్ జామ్. రైలు కొండల్లోకి వెళ్ళిపోయింది, వంతెన దాకా ఇంకో స్టేషన్ లేదు."

"నేను వెళ్తాను సార్."

"ఇంకో మాట." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇవాళ ఆ రైలు గార్డు మీ అక్క."

"తెలుసు సార్. పొద్దున్నే నా చొక్కాకి గుండీ కుట్టి మరీ డ్యూటీకెళ్ళింది."

తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. ఆవిడకి తెలిసినంతలో తమ్ముడు ఫైళ్ళు మోసే గుమాస్తా. పదమూడేళ్ళ సర్వీసులో నిదానానికి మొదటిసారి భయం వేసింది.

మూలన సోఫాలో కూర్చున్న గాయని కళ్ళద్దాలు తీసింది. క్లబ్బులో పాటలు పాడుతూ, ముఠాలో మసలుతూ, ఇటు చీఫ్‌కి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఎర్ర లెదర్ కోటు, అంతకన్నా ఎర్రని పెదాలు. "బాంబు ఏ స్తంభం కింద ఉందో నాకు తెలుసు. నేనూ వస్తాను."

చీఫ్ సరేనన్నాడు. అందగత్తెలు అడిగితే చీఫ్ కాదన్న దాఖలా ఫైళ్ళలో ఎక్కడా లేదు.

కింద గ్యారేజీలో పరికరాలు తయారుచేసే ముసలాయన, అందరికీ బాబాయ్, డిక్కీ మూసి గర్వంగా నిలబడ్డాడు.

"పొగ యంత్రం పెట్టానురా అబ్బాయ్! మీట నొక్కావంటే పక్కన మనిషి కనపడడు. చోటు చాలక స్టెప్నీ తీసేశాను."

"టైరు పోతే?"

"నా టైర్లు పోవురా! ఈ సంగతి నీకూ నాకూ తప్ప మూడో కంటికి తెలీదు."

సరిగ్గా పదీ యాభైకి, ఘాట్ రోడ్డు మధ్యలో, ఎడమ వెనక టైరు ఢామ్మని పేలింది. కారు గింగిర్లు తిరిగి లోయ అంచున జానెడు దూరంలో ఆగింది. నిదానం దిగి చూశాడు. టైరు పక్కభాగం మీద జానెడు కోత. ఎవరో పదునైన కత్తితో సగం లోతుకి గీసి వదిలారు. మిగతా సగాన్ని కొండ మలుపులు చీల్చాయి.

"అయ్యో, స్టెప్నీ కూడా లేదే!" అంది గాయని లోపలినుంచి. "ఇప్పుడెలా?"

నిదానం ఇంకా డిక్కీ తెరవలేదు.

"మా బాబాయ్ నీ పాటకి ఎప్పుడొచ్చాడు?"

"నిన్న సాయంత్రం. ముందు వరసలో కూర్చుని, నీ కారు గురించి తెగ చెప్పాడు పాపం." ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం పేలింది. తూటా అతని ఎడమ అరచేతిని తూట్లు పొడిచి వెళ్ళింది. రెండో తూటా ఎక్కించే వ్యవధి అతనివ్వలేదు. సగం తెరిచున్న కారు తలుపుని కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఆమె కుడి మణికట్టు తలుపు సందులో పుల్లలా విరిగింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, నోరు జారిన దొంగను నిదానం కూడా పట్టగలడు.

ఆమె కేక ఆగేలోపే కింది మలుపులో జీపు మోత వినిపించింది. ముగ్గురు మనుషులు, రెండు స్టెన్‌గన్లు. నిదానం మీట నొక్కాడు. తెల్లటి పొగ రోడ్డుని మింగేసింది. జీపులోంచి దూకినవాళ్ళిద్దరూ పొగలోకి గుడ్డిగా కాల్చారు. ఒకడి తూటాలు రెండోవాడి కడుపులో దిగాయి. "నేనురా... నేను..." అంటూ వాడు కూలబడ్డాడు. కాల్చినవాడు నోరు తెరిచేసరికి వీల్ స్పానర్ వాడి మోకాలి చిప్పని పగలగొట్టింది. వంగిన తల మీద రెండో దెబ్బ పడింది, మూడోది అవసరం రాలేదు. డ్రైవరు పొగలోంచే జీపుని మీదికి ఉరికించాడు. నిదానం పక్కకి దొర్లి, వెల్లకిలా పడుకునే వాడి గొంతులో కాల్చాడు. జీపు తిన్నగా లోయలోకి వెళ్ళి మంటలై లేచింది. ఆ జీపు మిగిలుంటే అందులో ఎక్కి పోయేవాడు. అంత అదృష్టవంతుడైతే ఈ ఉద్యోగంలో చేరేవాడే కాదు.

పదీ యాభై ఏడు. వంతెనకి ఎనిమిది కిలోమీటర్లు. పరిగెత్తి చేరేది కాదు. ఆ కోతకి అతుకు వేసినా గాలి నిలవదు. వట్టి రిమ్ము మీద నడిపితే రెండో మలుపు కూడా దాటదు.

జాకీతో కారు లేపి చక్రం విప్పాడు. ఇరుసు కింద రాళ్ళు పేర్చి కారుని వాటిమీద నిలబెట్టాడు. చక్రాన్ని కారు కింద పడుకోబెట్టి, టైరుకీ కారు అడుగుకీ మధ్య జాకీ పెట్టి తిప్పాడు. కారు బరువంతా మీద పడేసరికి టైరు అంచు పుటుక్కున రిమ్ముని వదిలింది. ఎప్పుడో ఒక లారీ డ్రైవరు చూపించిన కిటుకు అది.

"గడ్డి పీకు," అన్నాడు గాయనితో, పిస్టల్ ఆడిస్తూ.

"నేనా! చెయ్యి విరిగింది!"

"ఎడమది బాగానే ఉందిగా. ఊఁ, కానీ."

హైహీల్స్‌తో గట్టెక్కి ఆమె ఎండుగడ్డి పీకింది. చచ్చినవాళ్ళ కోట్లు అతను విప్పాడు. కోతకి లోపల అడ్డం పెట్టడానికి గట్టిది కావాలి.

"ఆ కోటు ఇటివ్వు."

"ఇది దిగుమతి కోటు!"

"నువ్వూ అంతేగా."

కోటు, గడ్డి, నెత్తురోడే బట్టలు, మళ్ళీ గడ్డి. జాకీ కడ్డీతో కూరి కూరి బిగించాడు. చక్రం తిరిగి ఎక్కిస్తుంటే అరచేతిలోంచి కారే నెత్తురుకి స్పానర్ జారిపోతోంది. గాయని చేతులు తాడుతో ముందుకి కట్టి వెనక సీట్లో పడేసి, స్టీరింగ్ పట్టుకునేసరికి పదకొండూ ఇరవై రెండు.

గంటకి ముప్ఫై. అంతకు మించితే లోపల గడ్డి నలిగి, రాసుకుని మండుతుంది. జీవితమంతా నిదానంగా బతికినవాడికి ఆ ముప్ఫై మీద కాలు ఆపడం నరకంలా ఉంది.

"తొక్కవేం?" వెనకనుంచి గాయని నవ్వింది. "మీ అక్క చచ్చిపోతుంది."

అతను స్పీడు ముల్లుని ముప్ఫై దగ్గరే నిలిపాడు.

పదకొండూ ముప్ఫై ఆరుకి లోయ అవతల రైలు కూత వినిపించింది. ఇక ఆగలేకపోయాడు. నలభై, అరవై, డెబ్భై. వెనకనుంచి కాలిన వాసన, తర్వాత నల్లటి పొగ, తర్వాత మంట. లెవెల్ క్రాసింగ్ కనిపించిన క్షణంలోనే ఆమె చేతులకి కట్టిన తాడు అతని మెడకి చుట్టుకుంది. గాయని మోకాళ్ళు సీటుకి తన్ని పెట్టి వెనక్కి లాగింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. తాడు కిందకి వేలు దూర్చి, తల వంచి, రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. ఆమె అతని నెత్తి మీదుగా ఎగిరి ముందు అద్దం పగలగొట్టుకుని బానెట్ మీద పడింది. మెడ విరిగిన శబ్దం చిన్నదే.

కారు పట్టాల మధ్య ఆగిపోయింది. మంట డిక్కీ ఎక్కింది. నిదానం కిందకి దొర్లి, చొక్కా ఊపుతూ రైలుకి ఎదురు పరిగెత్తాడు. ఇంజన్ డ్రైవరు ఆ మంట చూసి బ్రేకులు బిగించాడు. చక్రాలు నిప్పులు కక్కుతూ కీచుమన్నాయి. ఇంజను, మండుతున్న కారుకి బారెడు దూరంలో ఆగింది.

బాంబు మాత్రం టైముకే వచ్చింది. సరిగ్గా పదకొండూ నలభైకి, ముందున్న వంతెన మధ్యకి విరిగి లోయలో పడింది.

చిట్టచివరి పెట్టెలోంచి గార్డు ఎర్రజెండా చేతబట్టుకుని కంకర మీద విసవిసా నడిచి వచ్చింది.

"ఎవడ్రా వాడు, పట్టాల మీద కారు తగలబెట్టింది? వాణ్ణి..." అని ఆగిపోయింది. "నువ్వా!"

"టైరు పగిలిందక్కా." ఆ మాట అంటూనే ఏడుపొచ్చేసింది.

ఆవిడ అతని అరచేతిలో చిల్లు చూసింది. కారు మీద పడున్న ఆడమనిషిని చూసింది. వంతెన ఉండాల్సిన చోట లేచిన దుమ్మునీ చూసింది. వీపు మీద గట్టిగా ఒక్కటి వేసి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత మెట్టు మీద కూర్చోబెట్టి కట్టు కట్టింది, పుస్తకం తెరిచింది, కళ్ళజోడు పెట్టుకుంది. రైలు ఆలస్యమైతే కారణం రాయడం గార్డు విధి.

"నా పేరు రాయకక్కా."

"నోర్మూసుకో. నాకు తెలుసులే."

పెన్ను మూత నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, ఆలస్యానికి కారణం అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో రాసింది: "పంక్చరు."