వెనక్కి తీసుకున్న సాక్ష్యం

సోమవారం పొద్దున్న ఏడింటికే కెజియా తన చెల్లెలు లిడియా సంచి సర్దడానికి కూర్చుంది. నాలుగు నేత చీరలు, దుప్పటి, బీపీ మాత్రలు, సీసాలో మాగాయ. మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. పదిన్నరకి ఏలూరు బస్టాండులో కామవరపుకోట బస్సు. ఆ ఊరి పక్కనున్న చిన్న చర్చి సంఘంలో ఆడవాళ్ళ ప్రార్థన కూడికలు నడిపే మనిషి కావాలంటే లిడియా వెళుతోంది.

"నిన్న చర్చి దగ్గర అందరిదీ ఒకటే మాట. సొంత చెల్లెల్ని సేవకి ఇచ్చేసింది, కెజియమ్మగారి మనసు ఎవరికుంటుంది అని," అన్నాడు ఆమె భర్త తోమా, చెప్పులు వెతుక్కుంటూ. ఆయన కొల్లేటికోట చేపల చెరువుల్లో మేత వేయించే పనికి రోజూ వాళ్ళుండే వట్లూరు నుంచే వెళ్ళొస్తాడు.

కెజియా మాగాయ సీసా మూత మళ్ళీ బిగించింది. ఆ పొగడ్త చేపముల్లులా గొంతులో అడ్డం పడింది.

ఏడేళ్ళ కిందట భర్త పోయి లిడియా అక్క ఇంటికి వచ్చేనాటికి, ఎవరింట్లో జబ్బు చేసినా ప్రార్థనకి పిలిచేది కెజియానే. ఆమె ప్రార్థనలో వాక్యాలు వరసగా, తప్పు లేకుండా వచ్చేవి. లిడియా అలా కాదు. సగం మాటలో ఆగిపోయి ఏడ్చేది. ఆమెతోపాటు కూడికంతా ఏడ్చేది. రెండేళ్ళు తిరిగేసరికి ఫోను మోగితే అవతలివాళ్ళు అడిగే మాట మారిపోయింది. లిడియమ్మగారు ఉన్నారాండీ అనేవారు. నేనున్నానండీ అని కెజియా అంటే, పర్లేదండీ, ఆవిడొచ్చాక చేస్తాం అనేవారు.

ఆ మంట తట్టుకోలేక కెజియా మూడేళ్ళ కిందట మూడు రోజులు ఉపవాసం ఉంది. ఆదివారం చర్చిలో లేచి, దేవుడు నాలోని అసూయను వేళ్ళతో సహా పెరికేశాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. బుధవారం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, పక్కగదిలో లిడియా ప్రార్థన వినపడగానే అది మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరికీ చెప్పుకునే దారి కూడా లేదు. పోయిందని చెప్పిన జబ్బుకి మందు అడగడం ఎలా?

అందుకే, మొన్న పాస్టరుగారు సేవకు ఎవరైనా వెళతారా అని అడగ్గానే, లిడియాని ఒక్క మాటైనా అడక్కుండా కెజియా లేచి చెల్లెలి పేరు చెప్పేసింది.

లిడియా తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. సంచి చూసి, అక్క పక్కనే మంచం మీద కూర్చుంది.

"నువ్వు నా పేరు చెప్పకపోతే నాకంత ధైర్యం వచ్చేది కాదక్కా."

కెజియా చేతులు ఆగిపోయాయి.

"నీ మేలు కోరి చెప్పలేదే. నిన్ను ఇంట్లోంచి పంపించేయాలని చెప్పాను," అంది, సంచి వంకే చూస్తూ. "నువ్వు ప్రార్థన మొదలెడితే నాకు కడుపులో మంట మొదలవుతుంది. ఒక్కరోజు కూడా పోలేదది. నేను చర్చిలో చెప్పింది అబద్ధం."

తోమా ఒక కాలికి చెప్పుతో గుమ్మంలో నిలబడిపోయాడు.

"నాకు తెలుసు," అంది లిడియా.

"తెలిసే వెళుతున్నావా?"

"నా సంగతి కూడా విను. నా ఏడుపు నిజమేనక్కా. కానీ నువ్వు పక్కన కూర్చున్న రోజున ఇంకాస్త ఎక్కువ ఏడ్చేదాన్ని. నీ మొహం మాడిపోవడం ఓరకంట చూసి, మరో రెండు మాటలు కలిపేదాన్ని. చిన్నప్పట్నుంచీ అన్నిట్లో నువ్వే ముందు. ఇదొక్కటైనా నాది అనుకున్నాను."

"అంటే కావాలని నన్ను ఉడికించావా?" కెజియా గొంతు లేచింది.

"ఉడికించాను."

"ఇద్దరు ప్రార్థనాపరుల మధ్య కూర్చుని ఏడేళ్ళు అన్నం తిన్నానన్నమాట," అన్నాడు తోమా మెల్లగా.

లిడియాకి నవ్వు ఆగలేదు. కెజియా కూడా నవ్వబోయి, నవ్వు సగంలోనే బావురుమంది. వెళ్ళకే, పాస్టరుగారితో నేను చెప్పుకుంటాను అని చెల్లెలి చెయ్యి పట్టుకుంది. నువ్వు ఎందుకు పంపినా అక్కడివాళ్ళు ఎదురుచూస్తున్నది నిజమేగా అంది లిడియా.

"మరి ఇది ఎప్పటికీ పోకపోతే?"

"దాన్ని వెంటబెట్టుకునే ప్రభువు దగ్గరికి వెళ్ళక్కా. అది పోయాకే వెళతానని గుమ్మంలో నిలబడి ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం."

ఇద్దరూ మోకరించారు. కెజియాకి వాక్యాలు వరసగా రాలేదు. పక్కన లిడియా వెక్కిళ్ళు వినపడగానే ఆ మంట మళ్ళీ లేచింది. ఈసారి దాన్ని దాచలేదు. ప్రభువా, ఇదిగో ఇప్పుడు కూడా వచ్చింది, చూడు అని పైకే చెప్పింది.

పదిన్నర బస్సుకి లిడియా వెళ్ళిపోయింది. ఆ వచ్చే ఆదివారం చర్చిలో కెజియా లేచి నిలబడింది. మూడేళ్ళ కిందటి సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నానని, చెల్లెల్ని పంపింది కూడా మంచి మనసుతో కాదని, అసూయ నాతోనే ఉందని, నేనైతే ఇక్కడికి రావడం మాననని చెప్పి కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు. కూడిక అయ్యాక కొత్తగా కాపురానికి వచ్చిన రమ్యశ్రీ దగ్గరికొచ్చి, "నాదీ అదే జబ్బండీ. నాకోసం ప్రార్థన చేస్తారా?" అంది.

అప్పట్నుంచి ప్రతి బుధవారం అక్కాచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకునేవారు. ఒకసారి లిడియా, కూడికకి నలభైమంది వచ్చారంది.

"వచ్చిందే మళ్ళీ," అంది కెజియా.

"నాకూ వచ్చిందక్కా. నిజానికి వచ్చింది ఇరవైమందే."

క్రిస్మస్‌కి వస్తానని లిడియా చెప్పింది. గది ఊడ్చి ఉంచమంది.

లిడియా వట్లూరు తిరిగి రాలేదు. 2024 నవంబరు పదో తేదీ, ఆదివారం తెల్లవారుజామున, కామవరపుకోట దగ్గరి ఆ సంఘం ఊళ్ళోనే నిద్రలో పోయింది.