కాళంగి రేవులో ఆరు బోడితలలు

బొరుగులమ్మే గురప్ప కాళంగి నది బోట్ క్లబ్ మెట్ల మీద పట్టపగలే కూలిపోయాడు. చూసినవాళ్లు వడదెబ్బ అనుకున్నారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు పోస్టుమార్టంలో గానీ బయటపడలేదు. ఆ బొరుగుల గంప వేషమే. గురప్ప సీక్రెట్ సర్వీస్ మనిషి. ప్రాణం పోయేముందు చీఫ్‌కు ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పగలిగాడు: ఆదివారం బోటెక్కే గుండు భక్తుల్లో ఒకడు శత్రువు.

తిరుపతి లాడ్జి గదిలో చీఫ్ వెంకటముని ఈ సంగతి చెబుతుంటే ఏజెంట్ గిరి కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. శత్రువుల గురి జ్ఞానాంబ మీద. రాకెట్ ఇంధనం మీద జీవితమంతా పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త ఆవిడ. సూళ్లూరుపేటలో ఉంటూ ప్రతి ఆదివారం ఫ్లెమింగోలను చూడటానికి బోటెక్కుతారు. ఆవిడకు మత్తుమందిచ్చి స్పీడ్‌బోటులో సముద్రం దాటించాలని ఒక విదేశీ ముఠా ప్లాను. తనను ఇంట్లో దాస్తే వాడు ఇంకోరోజు వస్తాడు, రానీండి చూద్దాం అని ఆవిడే అన్నారట. అది విన్నాక గిరికి సిగ్గు కూడా వేసింది గానీ భయం మాత్రం తగ్గలేదు.

"సార్, నాకు ఈత రాదు."

"ఈదమని ఎవరన్నారబ్బా? బోట్లో కూసో. ముందు కొండకు పోయి గుండు గీయించుకో."

గుండు లాంటి విగ్గు దొరకదా అని గిరి అడిగి చూశాడు. దేవుడి ఊళ్లో దొంగ గుండు ఒద్దన్నాడు చీఫ్. చేతికి ఒక వాచీ ఇచ్చాడు. దాని బటన్ నొక్కితే పోలీసు బోటు వస్తుంది. వచ్చేదాకా బతికుండటం గిరి పని.

సాయానికి మహిత వస్తోంది. జీతం ఇక్కడా తీసుకుంటుంది, అక్కడా తీసుకుంటుంది. ఎవరి ఉప్పుకు విశ్వాసం చూపుతుందో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఆదివారం గుండు భక్తుల వ్యాను ఏర్పేడు దాటి, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ దర్శనం చేయించి, కాళంగి రేవుకు చేరింది. కొత్తగా కట్టిన రేవు. రంగుల బోట్లు, ఐస్‌క్రీమ్ బండి, సెల్ఫీలు దిగుతున్న జనం. గిరి కళ్లకు మాత్రం గురప్ప పడిపోయిన మెట్లే కనిపించాయి.

పట్టుచీరలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని మహిత పక్కకొచ్చింది. భక్తికి గుర్తుగా తను జుట్టు కొసన మూడు కత్తెరలతో సరిపెట్టింది.

"కొంగలు వచ్చినాయా?"

"వానల కోసం సూస్తాండాయి."

కోడ్ కుదిరింది. సంచి పట్టుకుని ఇంజిన్ దగ్గర నిలబడినవాడే మనం వెతికే శత్రువని, వాడి వెనక్కి పొమ్మని ఆమె గొణిగింది.

బోటు కదిలింది. గిరితో కలిపి ఆరు గుండ్లు, ఆరింటికీ గంధం పూత. నీళ్లు చూడకూడదనుకుంటూ నీళ్లే చూశాడు గిరి. రేవు దూరమయ్యేకొద్దీ తాను ఇక ఇంటి ముఖం చూడనని గట్టిగా అనిపించింది.

పైన ఎండ మండుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఎండ తగలని నెత్తి కదా, పెనం మీద పెట్టినట్టుంది. తువ్వాలు తలకు చుట్టుకుని సంచివాడి వైపు అడుగేశాడు. సంచివాడూ తువ్వాలే కప్పుకున్నాడు. తతిమ్మావాళ్లలో ఒకడు భార్య కొంగు కిందికి దూరాడు, ఒకడు నెత్తిన నీళ్లు చల్లుకుంటున్నాడు. అందరూ అల్లాడుతున్నారు.

ఒక్కడు అల్లాడటం లేదు. సత్యవేడు రైతునని చెప్పుకున్న మునికృష్ణ. జ్ఞానాంబ పక్కన బోడితలతో, చెట్టు నీడలో కూర్చున్నంత హాయిగా ఉన్నాడు. చెమటకు గంధం కారిపోయిన చోట వాడి నెత్తి కూడా మెడలాగే నల్లగా కమిలి ఉంది. నిన్న గీయించుకున్న గుండ్లన్నీ ఒలిచిన వెల్లుల్లిలా తెల్లగా ఉన్నాయి. వీడిది ఏళ్లనాటి గుండు.

మహిత అబద్ధం చెప్పింది. గిరి బటన్ నొక్కాడు. అప్పటికే రెల్లు చాటునుంచి స్పీడ్‌బోటు దూసుకొస్తోంది. మునికృష్ణ చేతిలో పెన్ను, పెన్ను చివర సూది, సూది ముందు జ్ఞానాంబ చెయ్యి. గిరి కాళ్లు వెనక్కి లాగాయి. గురప్ప గుర్తొచ్చాడు. ఏడుపు లాంటి కేక పెట్టి మునికృష్ణ మీద పడ్డాడు. ఇద్దరూ నీళ్లలోకి పోయారు.

ఆ తర్వాత గిరి చేసింది ఒక్కటే. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకుంటాడంటారు, ఇక్కడ దొరికింది శత్రువు మెడ. కళ్లు మూసుకుని, కాళ్లతో నడుం బిగించి, కరుచుకున్నాడు. వాడు లేవబోయిన ప్రతిసారీ ఈ బరువుకు మళ్లీ మునిగాడు. సూది కొట్టుకుపోయింది.

ఈలోగా పోలీసు బోటు కనబడింది. ఏ పక్షం గెలుస్తోందో అప్పుడు మహితకు తెలిసింది. పిస్తోలు తీసి స్పీడ్‌బోటు ఇంజిన్‌ను కాల్చింది. తను మొదటినుంచీ మన పక్షమేనని తర్వాత చీఫ్‌తో ప్రమాణం చేసింది. శత్రువుల చీఫ్‌కూ అలాంటి ప్రమాణమే అంది ఉంటుంది.

పోలీసులు ఎంత లాగినా గిరి పట్టు వదల్లేదు. చివరికి జ్ఞానాంబ బోటు అంచు మీదికి వంగి గిరి నున్నటి నెత్తి మీద చెయ్యి వేశారు.

"వాణ్ని ఒదిలిపెట్టు నాయనా. కాళ్లు కిందికి ఆనించు. నడుం లోతే ఉండాది."

నీట మునిగి ప్రాణాలకు తెగించి పోరాడినందుకు గిరికి మెడల్ సిఫారసు చేస్తూ చీఫ్ రిపోర్టు రాశాడు. అందులో నీళ్ల లోతు ఎంతో రాయలేదు.