మూడో స్వరం మీద చుక్క

క్రీస్తుదాసును రొయ్యల చెరువులో చంపారు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో, ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్న చోట, పొద్దున్నే మేత చల్లడానికి వచ్చిన కూలీలకు అతను బోర్లా తేలుతూ కనిపించాడు. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. మెడ మీది సూది గుర్తు వాళ్ల కంటా పడింది. చూడనట్టు ఉండమని ఢిల్లీ నుంచి ఫోనొచ్చింది.

ఊరికి అతను చర్చి కీబోర్డు ప్లేయరు. డిపార్ట్‌మెంటుకు ఫీల్డ్ ఏజెంటు.

ఆ మధ్యాహ్నమే ఏజెంట్ రూఫస్‌ను బుచ్చిరెడ్డిపాలెం పిలిపించారు. మూతపడిన రైసుమిల్లు మేడ మీద ఒక గది. బయట బోర్డు మీద విత్తనాల కంపెనీ పేరు, లోపల చీఫ్ చంద్రమౌళి. ఆయన ముందుగా శవం ఫోటో బల్ల మీద పెట్టాడు. క్రీస్తుదాసు, రూఫస్ చిన్ననాటి నేస్తాలు. తోటపల్లి గూడూరు చర్చిలో ఒకే కీబోర్డు మీద చెరో చెయ్యీ వేసి నేర్చుకున్నవాళ్లు. రూఫస్ ఆ ఫోటో వైపు చూసి తనలో దుఃఖం కోసం వెతికాడు. దొరకలేదు. పోయినేడాది ఒక పరాయి ఊళ్లో పక్కన నడుస్తున్న తోటి ఏజెంటు కారు బాంబుకు పోయాడు. అప్పట్నుంచీ అతనికి ఇదే వరస. కూర రుచి తెలియదు, భయం తెలియదు, ఎవరైనా జోకు వేస్తే నవ్వాలని గుర్తు చేసుకుని నవ్వుతాడు. ఉద్యోగానికి ఇది పనికొచ్చే జబ్బేనని చంద్రమౌళి అభిప్రాయం.

బ్రీఫింగ్ పొడిపొడిగా సాగింది. ఒక విదేశీ ముఠా పడవ తీరానికి దూరంగా కాచుకుని ఉంది. అందులో ఐదుగురు మనుషులు, పోర్టు రాడార్లను గుడ్డివి చేసే యంత్రాలు. ఐదుగురిలో ఒకడు మన మనిషి, పోలేరయ్య. ఇక్కడి సముద్రం తెలిసిన జాలరి. తమలో ఒక వేగు ఉన్నాడని ముఠాకు ఉప్పందింది, ఎవరన్నది ఒడ్డున ఉన్న వాళ్ల మనిషి కనిపెట్టి చెప్పాలి. ఫోన్లు, వైర్‌లెస్సు మనం వింటామని వాళ్లకు తెలుసు. అందుకే కబురు పాటలో వస్తుంది. సముద్రం పక్కన జరిగే క్రైస్తవ ఉజ్జీవ సభల లైవ్‌ను తీరమంతా ఫోన్లలో చూస్తుంది, పడవలో వాళ్లూ చూస్తారు. చచ్చిపోయే ముందు క్రీస్తుదాసు ఫోనులో చెప్పగలిగింది ఇంతే. ఐదుగురికి ఐదు స్వరాలు, స రి గ మ ప. పాట మధ్యలో అవి వరసగా బేస్‌లో మంద్రంగా మోగుతాయి. ఏది పొడుగ్గా సాగితే వాడు వేగు, వాణ్ని చంపి సముద్రంలో వేస్తారు. అన్నీ పొట్టిగా తెగితే అందరూ నమ్మకస్థులే, ఒడ్డుకు రావచ్చు.

పోలేరయ్యది "గ".

పడవను వెంటాడితే ఏమవుతుందని రూఫస్ అడిగాడు. సరుకుతో పాటు పోలేరయ్యనూ నీళ్లలోకి తోసేస్తారని చీఫ్ చెప్పాడు. అది తనంతట తాను ఒడ్డుకు రావాలి. అంతవరకూ భయం లేదని కూడా అన్నాడు. స్వరాలన్నీ గీసి ఉన్న ఆ పాట ప్రాజెక్టు ఫైలు అప్పుడే చేతికొచ్చింది, హైదరాబాదులో నిపుణులు తెరిచి చూశారు. ఐదు స్వరాల నోట్లూ ఒకే పొడవున ఉన్నాయట. అంటే ముఠా ఇంకా ఎవరినీ తేల్చుకోలేదని వాళ్ల లెక్క. ముఠా ఇచ్చిందని, తను ముట్టుకోలేదని చెప్పి ఫైలు తెచ్చిచ్చింది అబిగయీలు.

అబిగయీలు సభల్లో పేరున్న గాయని. ముత్యపు రంగు పట్టుచీర, చెవిలో పాట వినిపించే, చీరకు నప్పే మానిటరు, ఆమె స్టేజీ ఎక్కితే వెనక వరసల్లో మగవాళ్ల భక్తి రెట్టింపయ్యేది. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోందని డిపార్ట్‌మెంటుకు తెలుసు. డిపార్ట్‌మెంటు ఆమెను తమ మనిషి అనుకుంటోంది. ట్రెయినింగులో ఆమెకు స్టూడియో పని నేర్పింది రూఫసే.

సాయంత్రానికి రూఫస్ విగ్గు, దళసరి కళ్లద్దాలు, తెల్లచొక్కాతో ఒంగోలు నుంచి వచ్చిన కొత్త కీబోర్డు బ్రదరయ్యాడు. సభలు నడిపే పాస్టరు జకరయ్య అయ్యగారు అతనికి క్రీస్తుదాసు కీబోర్డే చూపించారు. స్టేజీ పక్కకు అబిగయీలు వచ్చి నిలబడింది.

"వందనాలన్నా. స్కేలు ఎంత?"

"సముద్రం ఒప్పుకున్నంత."

డిపార్ట్‌మెంటులో కోడ్ మాటలు రాసే ఉద్యోగి ఎవరో గానీ, అతనికి పగలంతా వేరే పని లేదని రూఫస్ అనుమానం.

విగ్గు కింద ఉన్నది రూఫసని పోల్చుకోక, ఆమె ట్యాబ్లెట్ అతని స్టాండు మీద పెట్టి మైకు చూసుకోవడానికి వెళ్లింది. మ్యూజిక్ యాప్ తెరిచే ఉంది, బేస్ ట్రాకు మీదే ఉంది. రూఫస్ వేళ్లతో దాన్ని పెద్దది చేసి చూశాడు. నిపుణులు చెప్పింది నిజమే. ఐదు నోట్లు, ఐదు పొడుగాటి పట్టీలు, ఒకే కొలత. కానీ వాటి మీద చిన్న చుక్కలున్నాయి. పొరపాటున వేలు తగిలితే పడేలాంటి చుక్కలు. స మీద ఒకటి. రి మీద ఒకటి. మ మీద, ప మీద కూడా. గ మీద లేదు.

ఆ యాప్‌లో ఒకసారి గీసిన నోటును కురచ చేసే సదుపాయం లేదు. కత్తెర లేదు, సాగదీసే పిడి లేదు. కాపీ చేసి అతికించుకోవడం ఒక్కటే దారి, అతికించినవన్నీ ఒకే పొడవు వస్తాయి. దీనికి రూఫస్ ఎప్పుడో ఒక అడ్డదారి కనిపెట్టాడు. పొడుగు నోటు మీద అదే స్వరంతో ఒక చిట్టి నోటు వేస్తే చాలు. చిట్టిది ఆగిపోయినప్పుడు యాప్ ఆ స్వరాన్నే ఆపేస్తుంది, పొడుగుదీ తెగిపోతుంది. తెర మీద మాత్రం పొడుగ్గానే కనిపిస్తుంది. హైదరాబాదులో ఫైలును కళ్లతో చదివారు, మోగించి వినలేదు.

చదివితే ఐదూ సమానం. వింటే నాలుగు పొట్టి, ఒకటి పొడుగు.

ఇది రూఫస్ ఒక్కరికే నేర్పాడు. ముఠా ఇచ్చిన ఫైలు, నేను ముట్టుకోలేదు అని చెప్పిందీ ఆ ఒక్కరే. అంటే క్రీస్తుదాసు ఎవరిని నమ్మి చెరువు గట్టుకు వెళ్లాడో కూడా తేలిపోయింది. కోపం రావాల్సిన చోటని రూఫస్‌కు తెలుసు. కాసేపు దానికోసం చూశాడు. అది రాలేదు, అబిగయీలు వచ్చింది. అతను గ మీద చుక్క పెట్టేలోపే ఆమె ట్యాబ్లెట్ తీసుకుని నవ్వుతూ వెళ్లిపోయింది.

అతని చెవిలోని మానిటరే వైర్‌లెస్సు. రూఫస్ కాలరులోకి మెల్లగా విషయం చెప్పాడు. చంద్రమౌళి వెంటనే అడిగాడు.

"పాట ఆపించేదా?"

"పాట రాకపోతే అనుమానంతోనే చంపేస్తారు సార్."

"మరి?"

"చుక్క నేను పెడతా."

పొద్దు వాలుతుండగా పాట మొదలైంది. అబిగయీలు ట్యాబ్లెట్‌ను తెచ్చి స్టాండు మీద పెట్టి, ప్లే నొక్కి, జనం వైపు తిరిగింది. పాట నడుస్తున్నంతసేపు ఆ యాప్ ఏ నోటునూ ముట్టుకోనివ్వదు. అయితే బయటి నుంచి వాయిస్తే మాత్రం తీసుకుంటుంది. చరణం చివర జనం చప్పట్లలో రూఫస్ కీబోర్డు కేబులు రెండో కొసను ట్యాబ్లెట్‌కు గుచ్చాడు. ఇప్పుడు తన వేలే చుక్క.

స మోగి తెగింది. రి మోగి తెగింది. గ అందుకుంది.

తెర మీద గ నల్లమెట్టు, అంటే నల్ల కీ, వరసలో ఉంది. రూఫస్ ఆ నల్లమెట్టు నొక్కి వదిలాడు. స్పీకర్లలోంచి ఒక దారుణమైన అపశ్రుతి వచ్చింది. ముందు వరసలో ఒక పెద్దావిడ మొహం చిట్లించింది. గ సాగుతూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ కీబోర్డు క్రీస్తుదాసుది. ఈ తీరంలో చర్చి కీబోర్డు వాయించేవాళ్లంతా ప్రతి పాటనూ తెల్లమెట్ల మీదే నేర్చుకుంటారు. స్కేలు మారితే వేళ్లు మార్చరు, స్వరాలన్నింటినీ ఒకేసారి జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతారు. పాట మొదట్నుంచీ అతనూ అలాగే తెల్లమెట్ల మీద వాయిస్తున్నాడు. ఆ ఒక్కసారే తెరను నమ్మాడు. వేలు ఒక మెట్టు కిందికి జరిపి తెల్లమెట్టు నొక్కి వదిలాడు. గ తెగిపోయింది.

మిగతా వాటికంటే కొంచెం సాగింది. కొంచెమే. మ, ప వాటి పొడవుకు తెగాయి.

అబిగయీలు తల తిప్పి అతని వేలు వైపు చూసింది, కేబులు వైపు చూసింది. చేతిలో మైకుంది. ఒక్క గ ను తనే సాగదీసి పాడితే చాలు, కబురు వెళ్లిపోతుంది. కానీ స్టేజీ మెట్ల దగ్గర ఉన్న ఇద్దరు వాలంటీర్లు ఎవరి తాలూకో అప్పటికి ఆమెకు అర్థమైంది. ఆమె తర్వాతి చరణం అందుకుంది. శ్రుతి తప్పకుండా పాడింది.

పాట అయ్యాక ప్రసంగం మొదలైంది. ప్రసంగం కింద కీబోర్డు సన్నగా వాయిస్తూ ఉండడం అక్కడి అలవాటు, రూఫస్ వాయిస్తూనే ఉన్నాడు. పడవ కదలడం లేదని చెవిలో చంద్రమౌళి చెప్పాడు. పడవలో ఒక మనిషి బతుకు తన వేలు చేసిన ఆలస్యం మీద ఆధారపడి ఉంది. గుండె కొట్టుకోవాల్సిన తీరు రూఫస్‌కు జ్ఞాపకం ఉంది. అది మామూలుగానే కొట్టుకుంటోంది. జకరయ్య అయ్యగారు జనాన్ని కళ్లు మూసుకోమన్నారు. ప్రార్థన నడుమ చెవిలో మళ్లీ గొంతు వినిపించింది. పడవ ఒడ్డుకు తిరిగిందట.

వలలు ఆరేసిన చోట మఫ్టీ పోలీసులు ఐదుగురినీ, యంత్రాలనూ పట్టుకున్నారు. ఎవరికీ అనుమానం రాకుండా పోలేరయ్యకూ బేడీలు వేశారు. సభ ముగిశాక దగ్గర్లో ఆపిన జీపులో పక్కన కూర్చున్న రూఫస్‌తో అతను సంగతి చెప్పాడు.

"మూడోది కొంచెం సాగింది గదన్నా. మా నాయకుడు తుపాకి తీసినాడు. అది గురుతు గాదయ్యా, మా పక్క సబల్లో పెట్టె వాయించేటోళ్లు ఎప్పుడూ అట్నే తడబడతారు, ముందర అపశ్రుతి ఇన్లేదా అని అన్నా. కాసేపు ఆలోచించినాడు. నిజమేలే అనుకున్నాడు."

స్టేజీ వెనక అబిగయీలును వ్యాను ఎక్కించారు. ఎక్కే ముందు ఆమె ఆగింది.

"నువ్వు నేర్పిందే గదన్నా."

"క్రీస్తుదాసుకు కూడా నేర్పాల్సింది," అన్నాడు రూఫస్. ఆమె వ్యాను ఎక్కింది. అతను అక్కడే నిలబడి వ్యాను పోయేదాకా చూశాడు. లోపల ఏమీ కదల్లేదు.

కీబోర్డుకు గుడ్డ కప్పుతుంటే జకరయ్య అయ్యగారు వచ్చి భుజం మీద చెయ్యేశారు. ఆయనకు ఈ గొడవలేవీ తెలియవు.

"తమ్ముడూ, పాట నడుమ అపశ్రుతి పలికించినావు. దాని ఎంబడే స్వరాన్ని సగంలో తెంచినావు. దేవుడి పని గదా, కొంచెం సాధన చేసుకొని రావాల. రేపటికి వేరే బ్రదర్‌కు చెప్పినాములే."

రూఫస్ క్షమించమని అడిగాడు. అడుగుతుండగా కళ్లద్దాల వెనక నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లకో మనసు చివుక్కుమంది. దేశాన్ని కాపాడినందుకు ఎవరూ మెచ్చుకోకపోవడం ఈ ఉద్యోగంలో మామూలే. వాయించడం రాదని తీసేయడం మాత్రం ఇదే మొదటిసారి.