ఒక చిల్లు తక్కువ

ఈ పని చేతికొచ్చిన నాటికి త్రాసు దగ్గర ఉన్నవి ఇవి: తనది కాని పేరు, పాత ఆఫీసు యంత్రాల దుకాణం, వెనక గదిలో మంచం, ముందు గదిలో ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనాల్సిన అవసరం ఇన్నేళ్ళలో రాలేదు. వీధిలో అందరికీ అతను పాత సామాన్ల వ్యాపారి. త్రాసు అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. ఆ పేరుతో పిలిచేది చీఫ్ ఒక్కడే. అదీ పని పడితేనే.

చీఫ్ ఆ రోజు నెరిసిన గడ్డం పెట్టుకుని, చంకలో విరిగిన టైప్‌రైటర్‌తో వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆయన తీసుకున్నాడు. త్రాసు నిలబడ్డాడు.

"విదేశీ ముఠా. వాళ్ళ బాస్ మన జైల్లో ఉన్నాడు. వాణ్ణి బయటికి తేవడానికి దొంగ విడుదల ఆర్డర్ తయారుచేస్తున్నారు."

"మామూలు ప్రింటర్ మీద కొట్టుకుంటే పోలా?"

"జైలువాళ్ళు ఇప్పటికీ పాత లైన్ ప్రింటర్ మీదే కొడతారయ్యా. దాని అక్షరాలు ఒకటి ఎక్కి, ఒకటి దిగి ఉంటాయి. గేటు దగ్గర క్లర్కు ముందు అదే చూస్తాడు. తిన్నగా ఉంటే తెచ్చినవాణ్ణే లోపల వేస్తాడు. అలాంటి ప్రింటర్ ముఠాకి దొరికింది. దాన్ని ఇప్పటి కంప్యూటర్‌కి కలిపేవాడు దొరకలేదు. నీ దగ్గరికే వస్తారు."

"వస్తే?"

"కలుపు. ఖాళీ ఫారాల కట్ట ఒకటి కొట్టేశారు. ఎక్కడ దాచారో తెలీదు. అచ్చువేసే రోజు వాళ్ళ మేనేజరే స్వయంగా తెస్తాడు. ఫారాలతో సహా దొరకాలి."

"బాస్ బయటికొస్తే?"

"వాణ్ణి పట్టించిన వాళ్ళ అసలు పేర్లన్నీ వాడికి తెలుసు." చీఫ్ గడ్డం సవరించుకున్నాడు. "నీది కూడా."

పైఅంతస్తులో దర్జీల వేషంలో ఇద్దరు మనుషులు. వాళ్ళను పిలవడానికి ఒక పెన్ను. క్యాప్ నొక్కితే పైన మోగుతుంది.

"ఇంకోటి. ముఠాలో మన మనిషి ఉన్నారు. ఎవరో నీకు చెప్పను. నువ్వెవరో వాళ్ళకీ తెలీదు. తప్పనిసరైతే 'రిబ్బన్ ఇంకా తడిగానే ఉంది' అంటారు. నువ్వు 'అయితే ఇంకో ఏడాది పనికొస్తుంది' అనాలి."

ఒక్క సరుకు మీదే పెట్టుబడంతా పెట్టడం త్రాసుకు అలవాటు లేదు. చీఫ్ వెళ్ళగానే పైకెళ్ళి పెద్ద దర్జీతో అన్నాడు: "కింద ప్రింటర్ మోత ముక్కలు ముక్కలుగా వినిపిస్తే పని జరుగుతున్నట్టు. ఆగకుండా మోగితే దిగి రండి."

"సరే బావా. ఈలోగా నీకో చొక్కా కుట్టమంటావా?"

"మీ కుట్టు చూశాను. వద్దులే."

బీరువా అంత ప్రింటర్‌ను నలుగురు మోసుకొచ్చారు. వెనకే నీలం కోటు వేసుకున్న ఆమె. పని అయ్యేదాకా అతనికి కాపలా. నవ్వుతూనే జేబులు వెతికింది. "పెన్ను బాగుందండీ" అంటూ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. షట్టర్ సగం దించి, కూర్చునే చోటు కోసం చుట్టూ చూసి, చివరికి కాగితాల పెట్టె మీద కూర్చుంది.

మర్నాటికి త్రాసు ఇంకో కుర్చీ కొన్నాడు. పెట్టెలో కాగితాలు నలిగిపోతాయని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ప్రింటర్ కేబుల్ మణికట్టంత లావు. కంప్యూటర్‌కు ఉన్నది వేలిగోరంత రంధ్రం. మధ్యలో చిన్న బోర్డు పెట్టి, ఒక్కో తీగనూ మల్టీమీటర్‌తో వెతికి టంకం వేశాడు. ఆమె ఊరికే కూర్చోలేక అడుగుతూ పోయింది.

"ఇవి రెండూ ఎలా మాట్లాడుకుంటాయి?"

"ప్రింటర్ 'ఇవ్వు' అంటుంది. కంప్యూటర్ ఒక అక్షరం ఇచ్చి తలుపు తడుతుంది. అందిందని ఇటునుంచి కబురొచ్చేదాకా అది నోరెత్తకూడదు."

"మీకంటే నయం. మీరు అడిగితే తప్ప మాట్లాడరు."

"అడిగేవాళ్ళు ఉండాలి కదండీ."

మొదటిసారి అచ్చయిందంతా పిచ్చిగీతలే. రెండు తీగలు తారుమారయ్యాయి. మార్చాక ఆమె కీబోర్డు లాక్కుని ఏదో కొట్టింది. ప్రింటర్ లోపల అక్షరాల డ్రమ్ము తిరిగింది, సుత్తులు దడదడలాడాయి. కాగితం మీద ఒకటి ఎక్కి, ఒకటి దిగి అక్షరాలు: టీ తాగుదామా?

ఆ టీ తాగుతూ త్రాసు నోరు జారాడు. ప్రింటర్ పక్క తలుపు తీసి, లోపల చక్రం మీద తిరిగే కాగితపు పట్టీ చూపించాడు.

"పేజీ ఎక్కడ మొదలవుతుందో దీనికి కళ్ళతో తెలీదు. పట్టీ మొదటి వరసలో చిల్లు కనబడితే ఆగుతుంది. ఫారం పొడవు మారితే కొత్త పట్టీ కొట్టాలి."

"చిల్లు లేకపోతే?"

"వెతుక్కుంటూ పోతుంది. కాగితం అయిపోయేదాకా ఆగదు."

"పాపం" అందామె. ఖాళీ అయిన రెండు గ్లాసులూ తనే కడిగి పెట్టింది. త్రాసుకు అది కూడా మాట్లాడినట్టే అనిపించింది.

ఆ రాత్రి ఆమె వెళ్ళాకగానీ అతనికి లెక్క తేలలేదు. పెన్ను పోయింది. పైవాళ్ళను పిలవడానికి మిగిలింది ఆ చిల్లు కొట్టకుండా వదలడం ఒక్కటే. దాని గుట్టు తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరుంటే, అది తను చేజేతులా చెప్పిన ఈమే. ఇంత నష్టపు బేరం అతను ఎన్నడూ చేయలేదు.

అచ్చువేసే రోజు మధ్యాహ్నం ఎండలో మేనేజర్ వచ్చాడు. పల్చటి మనిషి, ముచ్చటైన బూట్లు. వెంట ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఫారాల పెట్టె, తుపాకీతో ఒక మనిషి. బయట వ్యాన్ ఇంజను ఆపలేదు. జైలు గేటు సాయంత్రం మూస్తారు.

"కానివ్వు పెద్దాయనా."

"ఫారం పొడవు వేరు సార్. కొత్త పట్టీ కొట్టాలి."

త్రాసు పంచ్ తీసుకుని అన్ని వరసల్లోనూ చిల్లులు కొట్టాడు, మొదటిదాంట్లో తప్ప. రెండు చివరలూ అంటించి చక్రానికి తొడగబోయాడు.

"ఆగు" అన్నాడు మేనేజర్. నీలం కోటు వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళు పక్కనే కూర్చున్నావుగా. అది సరిగ్గా ఉందో లేదో చూడు."

ఆమె పట్టీ అందుకుంది. వెలుతురుకు ఎత్తిపట్టి మొదటి వరస మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. వేలు మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. తుపాకీ మనిషి ఒక అడుగు ముందుకేశాడు.

"బాగానే ఉంది" అందామె. "రిబ్బన్ ఇంకా తడిగానే ఉంది."

త్రాసు ఆమె చేతిలోంచి పట్టీ తీసుకున్నాడు.

"అయితే ఇంకో ఏడాది పనికొస్తుంది."

పట్టీ ఎక్కించి, మీట నొక్కాడు. ప్రింటర్ పేజీ మొదలు కోసం కాగితం లాగింది. దొరకలేదు. ఇంకా లాగింది. ఫారాలు మీదికెగిరి, నలిగి, చిరిగి నేలంతా పరుచుకున్నాయి. మోత గోడలను పట్టి ఊపింది.

"ఆపు దాన్ని" అని మేనేజర్ అరిచాడు. చెయ్యి పెట్టబోతే కాగితం అతని మణికట్టు చుట్టూ చుట్టుకుంది. తుపాకీ త్రాసు నుదుటి దాకా లేచింది. నీలం కోటు కుర్చీ ఎత్తి ఆ చెయ్యి మీద కొట్టింది. గుండు పైకప్పులోకి పోయింది. అప్పటికి షట్టర్ లేచింది. మెడలో టేపులు, చేతుల్లో పిస్తోళ్ళతో దర్జీలిద్దరూ లోపలికొచ్చారు.

"కొలతలు తీసుకుంటాం సార్" అన్నాడు పెద్ద దర్జీ. "చేతులు పైకెత్తండి."

అందరితో పాటు ఆమెకూ బేడీలు వేశారు. వేయకపోతే బయట మిగిలిన ముఠాకు తెలిసిపోతుంది. రేపు ఆమెకు ఇంకో ఊరు, ఇంకో కోటు. వ్యాన్ ఎక్కేముందు ఆమె వెనక్కి తిరిగి పడిపోయిన కుర్చీ వైపు చూసింది. త్రాసు వైపు చూడలేదు. ఆ పనిలో అదే పద్ధతి.

మరుసటి వారం చీఫ్ గడ్డం లేకుండా వచ్చాడు.

"పెన్నేది?"

"తీసుకున్నవాళ్ళు ఇవ్వలేదు."

"ఈ రెండో కుర్చీ ఎందుకు కొన్నావ్?"

"కస్టమర్లకి."

"నీకు కస్టమర్లెక్కడయ్యా?" చీఫ్ ఆ కుర్చీలోనే కూర్చోబోయి, త్రాసు మొహం చూసి పాత దాంట్లో కూర్చున్నాడు. "ఆవిడ గురించి అడక్కు."

"అడగలేదు."

ఆయన వెళ్ళాక త్రాసు షట్టర్ దించి ఆస్తి సరిచూసుకున్నాడు. పేరు: ఇప్పటికీ తనది కాదు. ప్రింటర్: సాక్ష్యం కింద వెళ్ళిపోయింది. ప్రాణం: మిగిలింది, లాభం కిందే రాసుకోవాలి. కుర్చీలు: రెండు.

ఎటునుంచి లెక్కపెట్టినా ఒకటి ఎక్కువే వస్తోంది.